బొమ్మ ఒకటి, మాట రెండు: పావగడను తలచుకొని

పావగడ అనగానే మనవారిలో అనేకులకు శనిమహాత్ముని గుడి, కొండమీది కోట జ్ఞప్తికి వస్తాయి. పాలనలో అది కర్ణాటక రాష్ట్రం, తుమకూరు జిల్లాలోని ఒక తాలూకా. పటం విప్పి చూస్తే మాత్రం మూడు దిక్కుల ఆంధ్రదేశమే కనిపిస్తుంది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడుగాని, 1956లో భాషల ప్రకారం హద్దులు తిరిగి గీసినప్పుడుగాని పావగడ స్థానం మారలేదు; మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. వేరుశెనగ పండించుకొంటూ, వాన కోసం ఆకాశంవైపు చూస్తూ బ్రతికే ఆ సీమలో ఇంట తెలుగు మాటాడే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. బడిలో కన్నడం, కచేరీలో కన్నడం, సంతలో రెండూను. రెండు భాషలతో కాలం గడపడం అక్కడి పెద్దలకు ఊపిరి తీసినంత సహజం.

పెద్దలకు సహజమైనది పసివారికి అంత సులువు కాదు. ఇంట ‘చెట్టు’ అన్న దానిని బడిపుస్తకం ‘మర’ అంటుంది. ‘ఆవు’ను ‘హసు’ అంటుంది. అక్షరం నేర్చుకొనే రోజులలోనే పిల్లవాడు అక్షరంతోపాటు కొత్త మాటనూ మోయవలసి వస్తుంది. ఆవు బొమ్మ చూపిస్తే ఆ బరువు సగం తగ్గుతుంది. బొమ్మకు భాష లేదు. మిగిలిన సగం బరువు మాత్రం మాటలోనే ఉన్నది. బొమ్మ చూపిస్తున్నప్పుడు పిల్లవాని చెవిలో ఏ మాట పడుతున్నది అన్నదే అసలు ప్రశ్న. నేడు మల్టీమీడియా అని పిలుచుకొనే దృశ్య శ్రవణ విద్య చరిత్రను ఈ ప్రశ్నతో పరిశీలిస్తే, పావగడకే కాక పొట్టకూటికై ఇల్లు వదలి వచ్చిన మనకూ కొంత బోధపడుతుంది. పరభాషా బడులలో చదివే మన బిడ్డల స్థితి కూడా అదే గదా!

బొమ్మను, వెలుగును, మాటను, పాటను కలిపి పామరజనానికి కథ చెప్పడం మనకు కొత్త కాదు. పావగడకు ఎంతో దూరం లేని ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే గ్రామం ఉన్నది. తోలుబొమ్మలకు అది పేరుపొందినది. మేకతోలును పలుచగా చేసి, రంగులద్ది, తెల్లని తెర వెనుక దీపపు వెలుతురులో ఆడిస్తూ, హార్మోనియం, మృదంగం, తాళాల నడుమ రామాయణ భారత కథలు తెల్లవార్లు చెప్పేవారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. ఈ విద్యను వంశపారంపర్యంగా కాపాడిన కుటుంబాలలో అనేకం ఇంట మరాఠీ మాటాడుకొనేవే. అయినా తెర ముందున్నవారు తెలుగువారైతే తెలుగులో ఆడినారు. ఇదే వంశాలవారు కన్నడసీమలో కన్నడంలో ఆడినారు. తమ ఇంటి భాష ఏదైనా, చూసేవారి భాషలోనే కథ చెప్పాలని వారు గ్రహించినారు. ఏ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోనూ చదువుకొనక తెలుసుకొన్న సూత్రమిది.

తరువాత వచ్చినది రేడియో. 1935లో మైసూరులో ఆచార్య ఎం. వి. గోపాలస్వామి తన ఇంటనే ఒక ప్రసార కేంద్రం నెలకొల్పినారు. ‘ఆకాశవాణి’ అనే పేరు అక్కడిదే. 1955లో బెంగుళూరు కేంద్రం మొదలైనది. అప్పటికే మదరాసు, విజయవాడ కేంద్రాలు తెలుగు వినిపిస్తున్నవి. రేడియోలో మాట మాత్రమే ఉన్నది, బొమ్మ లేదు. భాష తెలియని పిల్లవానికి అది శబ్దమే తప్ప పాఠం కాజాలదు.

బొమ్మ, మాట రెండూ కలసి పల్లె బడికి చేరిన సంవత్సరం 1975. అంతకు ముందు 1961లోనే ఢిల్లీ బడులకు టెలివిజన్ పాఠాలు మొదలైనవి గాని, అది రాజధాని సంగతి. పల్లెకు ముందు చూపించాలన్నది విక్రం సారాభాయి కల. ఆయన 1971లో కన్నుమూసినారు. ఆయన ఉండగానే 1969లో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒడంబడిక కుదిరినది. దాని ఫలితంగా ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం మన దేశానికి ఎరువు ఇచ్చినారు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఆకాశం నుండి నేరుగా కార్యక్రమాలు అందినవి. ఈ ప్రయోగానికి ‘సైట్’ అని పేరు. పది అడుగుల వెడల్పున కోళ్లగూటికి వాడే తీగెవల వంటి దానితో గొడుగులా చేసిన ఏంటెన్నా, ఒక టెలివిజన్ పెట్టె: ఇంతే సరంజామా.

ఆ ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నవి. మనవైపు హైదరాబాదు, మెదకు, మహబూబునగరం, కర్నూలు జిల్లాలు. అటు బిజాపురం, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు. పావగడకు ఆ అదృష్టం పట్టలేదు. అయినా మన ప్రశ్నకు సమాధానం ఆ ప్రయోగంలోనే ఉన్నది. తెలుగు, కన్నడ కార్యక్రమాలు రెండింటికీ హైదరాబాదే తయారీ కేంద్రం. ఆ ఉపగ్రహం ఒక చిత్రంతోపాటు రెండు ధ్వనులను మోయగలిగేది. అంటే బొమ్మ ఒకటే, మాటలు రెండు. ఒకే చిత్రాన్ని ఒక ఊరివారు తెలుగులో, పక్క జిల్లావారు కన్నడంలో వినగల ఏర్పాటు అది. ఉదయం వేళ బడిపిల్లలకు ఒక్కొక్క భాషకు 22½ నిమిషాలు కేటాయించినారు.

ఉపాధ్యాయులను కూడా మరువలేదు. పల్లె బడులలో సైన్సు చెప్పే పంతుళ్లకు పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చినారు. టెలివిజన్, రేడియో, అచ్చుపుస్తకం, చేసి చూపే ప్రయోగాలు, దగ్గరుండి సందేహాలు తీర్చే శిక్షకుడు: ఇన్నింటినీ ఒక కట్టగా కట్టి, దానికి ‘మల్టీమీడియా’ అనే పేరే పెట్టినారు. ఇంచుమించు 50 వేలమంది ఉపాధ్యాయులు ఆ విధంగా శిక్షణ పొందినారు. ఈ మాట కంప్యూటరుతో పుట్టినదని నేటి కుర్రవారు అనుకొంటారు. మన దేశపు పల్లె పంతుళ్లు దానిని 1975లోనే ఎరుగుదురు.

ఫలితం ఏమైనదని చదువరులు అడుగవచ్చును. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పరీక్షించి చూసినది. టెలివిజన్ చూసిన పిల్లల బడి మార్కులలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. భాష మీద పట్టు మాత్రం పెరిగినది. అడిగి తెలుసుకోవాలనే ఆసక్తి కూడా హెచ్చినది. తన భాషలో విన్న పిల్లవానికి నోరు వచ్చినది, ప్రశ్న పుట్టినది. ఇది చిన్న లాభం అనరాదు.

అటు తరువాతి చరిత్ర వేగంగా సాగినది. 1984లో కేంద్ర ప్రభుత్వం కొన్ని ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చినది. తెరమీద కనిపించినది ఎక్కువగా ఇంగ్లీషే. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుండి పంపినారు. దాని సాయంతో కర్ణాటకలోని చామరాజనగర జిల్లా ప్రాథమిక పాఠశాలలకు పాఠాలు చేరినవి. 2017లో కేంద్రం ‘దీక్షా’ మొదలుపెట్టినది. పుస్తకంలోని చదరపు గుర్తును ఫోనుకు చూపితే పాఠం తెరపైకి వస్తుంది. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు దూరదర్శనే బడి అయినది. కర్ణాటక పాఠాలు చందన ఛానలులో కన్నడంలో వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ పాఠాలు సప్తగిరిలో తెలుగులో వచ్చినవి. పావగడ పిల్లవాని సంకటం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. సప్తగిరి మాట అతని ఇంటి మాట, కాని అందులో చెప్పేది అతని పుస్తకం కాదు. చందన చెప్పేది అతని పుస్తకం, కాని ఆ మాట అతని ఇంటిది కాదు. రెండు బొమ్మలు, రెండు మాటలు. అతనికి సరిపడే జత మాత్రం లేదు.

ఒకప్పుడు ఇటువంటి పనులకు కరెంటు లేదని సాకు చెప్పేవారు. నేడు పావగడలో ఆ మాట అనడానికి వీలులేదు. తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాలలో రైతుల నుండి కౌలుకు తీసుకొన్న సుమారు 13 వేల ఎకరాలలో సూర్యరశ్మితో విద్యుత్తు తీసే క్షేత్రం వెలసినది. 2018 మార్చి 1న దానిని ప్రారంభించినారు. దాని శక్తి 2,050 మెగావాట్లు. పైరును మాడ్చిన ఎండనే ఆ సీమ దేశానికి దీపంగా ఇస్తున్నది. తెర ఉన్నది, వెలుగు ఉన్నది. కావలసినది రెండవ ధ్వని.

కన్నడం వద్దని మేము అనడం లేదు. అది ఆ పిల్లల అన్నపు భాష, నేలతల్లి భాష. దానిని వారు బాగుగా నేర్వవలసినదే. తెలుగు మాట ఊతగా ఉంటే కన్నడం మరింత త్వరగా పట్టుబడుతుందని మా తాత్పర్యం. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించవలెనని 1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేర్చినారు. నాడు రెండవ ధ్వనికి ఉపగ్రహం కావలసి వచ్చినది. నేడు ఒక పంతులమ్మ, ఒక ఫోను చాలును. బొమ్మ నడుస్తుండగా ఆపి, తెలుగులో నాలుగు మాటలు చెప్పి, వెంటనే కన్నడపు మాట అందిస్తే పాఠం పిల్లవాని ఇంటివరకు నడచి వస్తుంది.

మన సంఘ కుటుంబాలకు కూడా ఈ చరిత్ర ఒక పని చెబుతున్నది. మన బిడ్డలు ఇంట తెర ముందు కూర్చొని పరభాషలో పాఠాలు చూస్తున్నారు. వారిని తిట్టి తెర ఆర్పడం కంటె, పక్కన కూర్చొని ఆ బొమ్మకు మన మాట చెప్పడం మేలు. అవ్వ చెప్పినా, తాత చెప్పినా, అమ్మ చెప్పినా సరే. ఈ ఉగాదినాడు మనం పచ్చడి పంచుకొంటాము, కన్నడ సోదరులు బేవుబెల్లం పంచుకొంటారు; పండుగ ఒకటే, పేర్లు రెండు. రెండూ నోటికి తెలిసిన బిడ్డ నష్టపోయినవాడు కాడు. కొత్త సంవత్సరం పావగడ పిల్లలకు, మన పిల్లలకు రెండు మాటలూ సమృద్ధిగా ఇచ్చుగాక!