పాలమూరు నుంచి పరదేశానికి: విదేశీ విద్యలో మార్గదర్శన వ్యవస్థల చరిత్ర

వ్యాససంగ్రహం:
విదేశీ విద్యకు వెళ్ళిన తెలుగువారి గురించి రాసిన రచనలు ఎక్కువగా వారి ప్రతిభనూ విజయాలనూ వివరించాయి. విద్యార్థికి దరఖాస్తు మార్గం చెప్పినవారెవరు, వారికి ఆ పనిలో ఉన్న ప్రయోజనమేమిటి అన్న ప్రశ్నలు అంతగా చర్చకు రాలేదు. వలసపాలన కాలం నాటి సలహా కార్యాలయం, సంస్థాన ఉపకారవేతనాలు, ధర్మనిధులు, నేటి కన్సల్టెన్సీలు, ప్రభుత్వ విద్యానిధులు అనే ఐదు దశల్లో ఈ మార్గదర్శన చరిత్రను పరిశీలించి, నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ వంటి మండలాల విద్యార్థికి దాని ఫలితమేమిటో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విదేశీ విద్య, ఉపకారవేతనం, పాలమూరు వలస, మార్గదర్శనం, విద్యానిధి.

1. ఉపోద్ఘాతం:
నల్లమల అంచున, అచ్చంపేటకు చేరువలో ఉన్న మండలం బల్మూర్. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేవరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఆ ఉమ్మడి జిల్లాకు పాలమూరు అన్న పాత పేరుతో పాటు 'వలసల జిల్లా' అన్న పేరు కూడా స్థిరపడింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ 'పాలమూరు లేబర్' కనిపించేది. అంటే ఊరు విడిచి దూరం పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కూలికి పోయిన తరం పిల్లలు చదువు కోసం పోవాలనుకోవడమే కొత్త.

కూలి వలసకు ఒక వ్యవస్థ ఉండేది. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి, అడ్వాన్సు ఇచ్చి, పని ఎక్కడుందో చెప్పి, మనుషులను తీసుకుపోయేవాడు. పని గురించిన సమాచారం, ప్రయాణానికి డబ్బు రెండూ అతని చేతిలోనే ఉండేవి కాబట్టి కూలి రేటు కూడా అతని మాటమీదే నడిచేది. చదువు వలసలో మేస్త్రీ స్థానం ఎవరిది అన్న ప్రశ్న ఈ పరిశీలనకు ఆధారం.

2. సలహా, నిఘా – వలసపాలన కాలం:
పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఇంగ్లండుకు వెళ్ళే భారతీయ విద్యార్థుల సంఖ్య పెరిగింది. వారిలో పలువురు బారిస్టరు పట్టా కోసమో, సివిల్ సర్వీసు పరీక్ష కోసమో వెళ్ళినవారే. ప్రవేశ నియమాలు, వసతి, ఖర్చు వంటి వివరాలు తెలిసినవారు తక్కువ. ఈ లోటును తీర్చడానికి మొదట స్వచ్ఛంద సంఘాలు పూనుకున్నాయి. తరువాత ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1907లో లీ వార్నర్ అధ్యక్షతన ఒక సంఘం విద్యార్థుల పరిస్థితిని విచారించింది. దాని పర్యవసానంగా 1909లో లండన్‌లోని ఇండియా ఆఫీసు కింద విద్యార్థి సమాచార కార్యాలయం ఏర్పడింది. అలీగఢ్‌లోనూ లాహోరులోనూ బోధించిన టి. డబ్ల్యు. ఆర్నాల్డ్ దానికి విద్యాసలహాదారుగా నియమితుడయ్యాడు. భారతదేశంలోని రాష్ట్రాల్లో కూడా సలహా సంఘాలు ఏర్పడ్డాయి.

ఆ కార్యాలయం చేసిన పనులు నేటి సలహాదారు చేసేవే: ఏ కళాశాలలో ఏ అర్హత కావాలో చెప్పడం, విద్యార్థి నడవడికి పూచీపడడం, బస చూపడం. అయినా విద్యార్థులు దాన్ని నమ్మలేదు. 1909 జులైలో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని హత్య చేసిన తరువాత లండన్‌లోని భారతీయ విద్యార్థులపై అనుమానం ముదిరింది. సలహా అడిగేందుకు వెళ్తే తమ వివరాలు పోలీసులకు చేరుతాయన్న భయం వారిలో వ్యాపించింది. లీ వార్నర్ సంఘం నివేదికను ప్రభుత్వం ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. 1921–22లో లిట్టన్ సంఘం ఇదే సమస్యను మళ్ళీ విచారించవలసి వచ్చింది. ఈ ఉదంతం ఒక సూత్రాన్ని స్పష్టం చేస్తుంది. సలహా ఎంత సరైనదైనా, చెప్పేవాడు ఎవరి పక్షాన ఉన్నాడన్న సందేహం ఉంటే అది నిరుపయోగమవుతుంది.

3. హైదరాబాదు రాజ్యం – రాజధాని, జిల్లా:
నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఉపకారవేతనం పాలకుని అనుగ్రహంతో ముడిపడింది. 1895లో పదహారేళ్ళ సరోజినీ చట్టోపాధ్యాయ (తరువాతి సరోజినీ నాయుడు) నిజాం ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్ళి, లండన్ కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జ్ గిర్టన్ కళాశాలలోను చదివింది. ఆమె ప్రతిభ నిస్సందేహం. అయితే ఆమె తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేటు పొంది, హైదరాబాదులో కళాశాల నడిపినవాడన్న విషయాన్ని కూడా గమనించాలి. ఆమెకు సలహాదారు ఇంట్లోనే ఉన్నాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత అక్కడ చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ వంటివారు కేంబ్రిడ్జ్, లైప్జిగ్ దాకా వెళ్ళగలిగారు. వారి విషయంలోనూ రాజధాని సాన్నిహిత్యం పనిచేసింది.

పాలమూరు యువకునికి ఆ కాలంలో మద్రాసు, పూణే నగరాలే పరదేశాలు. బూర్గుల రామకృష్ణారావు పూణే ఫెర్గూసన్ కళాశాలకు, సురవరం ప్రతాపరెడ్డి మద్రాసుకు వెళ్ళి చదివారు. భాష, పాలన, పరీక్షా విధానం అన్నీ మారే ఆ ప్రయాణం నేటి విదేశయానంతో పోల్చదగినదే. వనపర్తి సంస్థానంలో పుట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి అది తిండినీ బసనూ ఇవ్వడంతో పాటు, ముందు తరగతి వారిని చూసి 'తరువాత ఏం చేయాలి' అని తెలుసుకునే అవకాశాన్నీ కల్పించింది. కులం పేరిట నడిచిన వసతి గృహాలకు పరిమితులున్నా, మార్గదర్శనాన్ని ఒక సామాజిక వనరుగా మార్చిన ఘనత వాటికి దక్కుతుంది. ఆ గడప దాటలేని కులాల పిల్లలకు మాత్రం ఆ వనరు అందలేదు.

4. ధర్మనిధి, పట్టా విలువ:
మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల నుంచి రెండు ఉదాహరణలు చూడవచ్చు. కట్టమంచి రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ ఉపకారవేతనంతో కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. రాయలసీమకు చెందిన ఆయన మద్రాసులో పొందిన విద్య ఆ ఎంపికకు తగిన పూర్వరంగమైంది. యల్లాప్రగడ సుబ్బారావు మార్గం అంత సాఫీగా సాగలేదు. 1923లో ఆయన హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలకు వెళ్ళడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారి సహాయం ఆధారమయ్యాయి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించిన కారణంగా ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన బయటికి వచ్చిన సంగతి ప్రసిద్ధం. బోస్టన్‌లో వైద్యునిగా నిలదొక్కుకోలేక ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ పరిశోధన సాగించాడు. 1930లో పిహెచ్.డి. పొందాడు.

ధర్మనిధి ప్రయాణఖర్చు భరించగలిగింది కాని, చేతిలో ఉన్న పట్టాకు అవతలి దేశంలో ఎంత విలువ ఉంటుందన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. ఈ ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. అచ్చంపేట వంటి చోట్ల డిగ్రీ కళాశాలల్లో బి.ఎ., బి.ఎస్సి., బి.కాం. మూడేళ్ళ చదువులు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు మూడేళ్ళ పట్టాను సాధారణంగా అంగీకరిస్తాయి. అమెరికాలో మాత్రం పలు విశ్వవిద్యాలయాలు పాఠశాల చదువుతో కలిపి పదహారేళ్ళు కోరుతాయి. ఇంజనీరింగు విద్యార్థికి ఎదురుకాని ఈ ఆటంకం గ్రామీణ డిగ్రీ విద్యార్థికి మొదటి మెట్టులోనే ఎదురవుతుంది. దరఖాస్తు రుసుములన్నీ కట్టిన తరువాత తెలిస్తే, ఆ కుటుంబానికి అది చిన్న నష్టం కాదు.

5. కన్సల్టెన్సీల కాలం:
1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్ళారు. 1990ల తరువాత కంప్యూటరు రంగం ఆ ప్రవాహాన్ని విస్తృతం చేసింది. సీనియరు విద్యార్థి రాసే ఉత్తరం స్థానంలోకి హైదరాబాదు కన్సల్టెన్సీ వచ్చింది. విద్యార్థి నుంచి రుసుం తీసుకోకుండా 'ఉచితం'గా పనిచేసే సంస్థలకు అనేక సందర్భాల్లో విదేశీ విద్యాసంస్థలే కమీషను చెల్లిస్తాయి. కమీషను ఇచ్చే కళాశాల పేరు మొదట వినిపించడం, ఇవ్వని ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరు వినిపించకపోవడం ఈ ఏర్పాటులో సహజ పరిణామం. రుసుం నామమాత్రంగా ఉండే జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల గురించి పల్లె విద్యార్థికి ఆలస్యంగా తెలియడానికి ఇదొక కారణం కావచ్చు.

దీని తీవ్రరూపం రెండు ఘటనల్లో కనిపించింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ నమోదైన సుమారు 1,550 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా ఒకే అపార్టుమెంటు నమోదై ఉంది. కొత్తవారిని చేర్పించిన విద్యార్థికి రుసుంలో వాటా ఇచ్చే పద్ధతి అక్కడ నడిచింది. కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించడం భారతదేశంలో ఆగ్రహం రేపింది. 2019 జనవరిలో మిషిగాన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అసలు అధికారులే పన్నిన వల అని తేలింది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై అభియోగాలు నమోదయ్యాయి. మొదటి విడతలో నిర్బంధితులైన వారిలో 129 మంది భారతీయులు. ఆ సంస్థ పేరు అధికారిక జాబితాల్లో కనిపించేది కాబట్టి జాబితా చూసుకున్నవారు కూడా మోసపోయే అవకాశముంది. అయితే తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. ఈ రెండు ఘటనల్లోనూ సలహా ఇచ్చినవాడికి చేరిక మీద ఆదాయం ఉంది. మేస్త్రీ అడ్వాన్సు కూలీని కట్టిపడేసినట్లే ఇక్కడ విద్యారుణం విద్యార్థిని కట్టిపడేసింది. వెనక్కి వస్తే అప్పు తీరదన్న భయమే చాలామందిని అనుమానమున్న చోట కూడా నిలబెట్టింది.

6. ప్రభుత్వ విద్యానిధులు:
1913లో అంబేద్కర్ కొలంబియాకు వెళ్ళింది బరోడా సంస్థాన ఉపకారవేతనంతో. తిరిగివచ్చి పదేళ్ళు సంస్థానంలో పనిచేస్తానన్న ఒప్పందం దానికి షరతు. 1954–55లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ విదేశీ ఉపకారవేతనం ఆ అనుగ్రహాన్ని హక్కు వైపు మళ్ళించే ప్రయత్నం. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో దళిత, గిరిజన విద్యార్థుల కోసం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. తెలంగాణలో 2015లో మైనారిటీలకు, 2016లో మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట వెనుకబడిన తరగతులకు ఇటువంటి పథకాలు ఏర్పడ్డాయి. సహాయం గరిష్ఠంగా 20 లక్షల రూపాయలకు పెరిగింది.

ఈ పథకాల నిర్మాణంలో ఒక అంశం ప్రత్యేకంగా పరిశీలించదగినది. డబ్బు రెండు విడతల్లో వస్తుంది. మొదటి విడత విద్యార్థి ఆ దేశంలో అడుగుపెట్టిన పత్రం చూపిన తరువాత, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాల తరువాత అందుతుంది. కాని వీసాకు ముందే బ్యాంకు నిల్వ చూపాలి, విమానం టిక్కెట్టు కొనాలి, ప్రవేశ రుసుం కట్టాలి. నిధి మంజూరైన విద్యార్థి కూడా ముందుగా అప్పు చేయక తప్పదు. తాకట్టు పెట్టడానికి వర్షాధారపు చెలక తప్ప మరేమీ లేని బల్మూర్ కుటుంబానికి ఆ మధ్యకాలపు అప్పే అసలు పరీక్ష. సలహా ఇచ్చేవారు నిధి మొత్తాన్ని చెప్పి ఈ క్రమాన్ని చెప్పకపోతే, ఆ సలహా సగమే అవుతుంది.

7. ముగింపు:
నూరేళ్ళకు పైబడిన ఈ చరిత్రలో డబ్బు ఇచ్చిన చేతులు మారుతూ వచ్చాయి. వాటితో పాటు సలహా కూడా మారింది. ఇండియా ఆఫీసు సలహాలో నిఘా, సంస్థాన సహాయంలో అనుగ్రహం, కన్సల్టెన్సీలో కమీషను కలగలిశాయి. విద్యార్థి చేరికతో ఏ లాభమూ లేని సలహాదారు ఈ క్రమంలో ఒక్కరే కనిపిస్తారు. అతని సొంత కళాశాల అధ్యాపకుడు. విద్యార్థి పట్టా ఏ దేశంలో చెల్లుతుందో రెండో ఏడాదిలోనే చెప్పడం, ఏడాదిన్నర ముందుగా పరీక్షలకూ మార్కుల పత్రాలకూ ప్రణాళిక వేయించడం, సిఫారసు లేఖను విద్యార్థి చేతనే రాయించి సంతకం చేయకుండా తానే రాయడం, అప్పు లెక్కను తల్లిదండ్రుల సమక్షంలో తెలుగులో వివరించడం ఇందులో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ అధ్యాపకుని జీతంలో భాగంగా లెక్కకు రాదు, పదోన్నతిలోనూ గణనకు రాదు. అయినా మేస్త్రీ లేని ప్రయాణం పాలమూరు బిడ్డకు దక్కాలంటే, ఆ ఖాళీని పూరించవలసిన స్థానం తరగతి గదిదే.