పంక్చర్ దుకాణం వెనకున్న ఇల్మ్

"పంక్చర్లు వేసుకునేవాళ్లు" అని మన ఖౌమ్ మీద ఒక తానా ఉంది. దానికి జవాబు వెతికే ముందు ఆ హునర్ తారీఖ్ ఏమిటో మన పిల్లలకు తెలియాలి.

కోనసీమలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ గట్లే బాటలయ్యాయి. రైలు గౌతమికి అవతల, కోటిపల్లి దగ్గరే ఆగింది. ఆ పట్టాలనూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు, 2004లో గానీ మళ్లీ రైలు రాలేదు. యానాం–ఎదుర్లంక వంతెన 2002 నాటిది. అమలాపురం, రాజోలు, కొత్తపేట గట్ల మీద బడికీ, బజారుకీ, కొబ్బరి బస్తాకీ సైకిలే సవారీ. రేవులో పంటు కూడా ఎక్కేది.

1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి ట్యూబు తొడిగాడు. ఆ టైరును గుడ్డ చుట్టి రిమ్ముకు అంటించేవారు, పంక్చర్ పడితే గంటల మెహనత్. 1890లో వెల్చ్ టైరు అంచుల్లో ఉక్కు తీగ పెట్టాడు. 1891లో మిషెలిన్ సోదరులు ఊడదీసి తొడిగే టైరు తెచ్చారు. రోడ్డు పక్క పంక్చర్ దుకాణానికి దారి వేసింది ఈ మార్పే. మన దేశంలో డన్‌లప్ సాహాగంజ్ కార్ఖానా 1936లో, అట్లాస్ 1951లో, హీరో సైకిల్స్ 1956లో వచ్చాయి.

ఆ తీగ సాగదు. అందుకే కొలత ముఖ్యం. పాత పెద్ద సైకిలు టైరు 28 × 1½. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 25 అంగుళాలు, అంటే 635 మి.మీ. రెండు వైపులా ఒకటిన్నర కలిపితే 28. కానీ 26 × 1⅜ టైరుది 590 మి.మీ., లావు 26 × 2.125 టైరుది 559. పేరు రెండింటికీ 26, ఒకదాని రిమ్ముకు ఇంకోటి పట్టదు. కొనేటప్పుడు టైరు పక్కన ఉన్న మిల్లీమీటర్ల అంకె చూడండి.

తొడగడం కష్టమైతే బలం కాదు, ఉపాయం కావాలి. వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి, ఎక్కిన అంచును రిమ్ము మధ్య గుంటలోకి నొక్కుతూ వాల్వు దగ్గర ముగించాలి. ఆ గుంటలోంచే వదులు వస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కొత్త ట్యూబు చిరుగుతుంది. ఆఖర్లో వాల్వును పైకి నెట్టి, ట్యూబు అంచు కింద నలగలేదని చుట్టూ చూడాలి.

గాలి విషయంలో టైరు పక్కన అచ్చేసిన పీఎస్‌ఐ దాటకూడదు. లావు టైరుకు తక్కువ గాలి చాలు. ఒకే పీడనంలో లావు పెరిగేకొద్దీ టైరు గుడ్డ మీద లాగుడు పెరుగుతుంది. లారీల కంప్రెసర్ పెడితే చిన్న ట్యూబు క్షణాల్లో నిండి, అంచు ఊడి పేలుతుంది. చేతి పంపే మేలు. సగం నింపి, టైరు సమంగా కూర్చుందో లేదో చూసి, తర్వాత మిగతాది కొట్టాలి.

కొలత, ఉపాయం, హద్దు. ఈ మూడూ తెలిసిన ఉస్తాద్‌ది హలాల్ రోజీ. ఆ తానా వినబడినప్పుడు తల దించుకోవాల్సిన జరూరత్ మన పిల్లలకు లేదు.