ఎన్నికల ముందు దిగులు: మన జిల్లాల్లో ఎర్రజెండా ఓటర్లు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ముందు ఎలగందుల కోట గురించి రాద్దామనుకున్నాను. కానీ దాని మీద మనవాళ్ళే ఇదివరకు రాశారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి, అందులో పదికి పైగా ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ణి గనుక నాకు తెలిసిన ఎన్నికల సంగతే రాస్తున్నాను. గెలిచినవారి గురించి పత్రికలు ఎలాగూ రాస్తాయి. ఓటు వేయకముందే ఓడిపోయామని దిగులుపడి కూర్చున్నవారి గురించి ఎవరూ పెద్దగా రాయరు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అటువంటి ఇళ్ళు చాలా ఉండేవి. అందులో మా మేనమామ ఇల్లు ఒకటి.

నాకు ఏ పార్టీ సభ్యత్వమూ లేదని ముందే మనవి చేస్తున్నాను. సర్వీసులో ఉండగా ఉండకూడదు, రిటైరయ్యాక ఉండాలనిపించలేదు. మా అమ్మకు తమ్ముడైన చిన్న మేనమామ మాత్రం హుస్నాబాద్ వైపు పల్లెలో ఉంటూ, ఇరవై ఏళ్ళ వయసు నుంచి సంఘంలో తిరిగినవాడు. సంఘం అంటే ఆ రోజుల్లో ఆంధ్ర మహాసభ, ఆ తరువాత కమ్యూనిస్టు పార్టీ. 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర రావు గారు తన సహచరులతో పాటు నేలకొరిగిన వార్త ఊరికి వచ్చిన రాత్రి ఎవరింట్లోనూ పొయ్యి రాజేయలేదని మామ చెప్పేవాడు.

ఇక 1951 సంగతి. పోలీసు చర్య జరిగి మూడేళ్ళు గడిచినా పల్లెల్లో క్యాంపులు ఉన్నాయి. నాయకులు కొందరు జైళ్ళలో, కొందరు అజ్ఞాతంలో. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం. అక్టోబరు 21న సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది. అంటే ఎన్నికలకు రెండు మూడు నెలల ముందు! నిన్నటిదాకా తుపాకీ పట్టినవాళ్ళు ఇప్పుడు కాగితం ముక్క పట్టుకొని వరుసలో నిలబడాలి. మామ మాటల్లో చెప్పాలంటే, "ఇగ మనకు దిక్కెవరు అల్లుడా, ఓట్లెవలేస్తరు, జెండా వట్టుకునేటోడే లేకపాయె" అని గడీల ముందునుంచి తలవంచుకొని నడిచేవారట. కొందరు భయంతో, కొందరు సిగ్గుతో. ప్రాణాలు పోగొట్టుకున్న వారి ఇళ్ళకు వెళ్ళి ఓటు అడగడానికి ముఖం చెల్లలేదని ఆయన ఒకసారి నాతో అన్నాడు.

నిషేధం ఉన్నందువల్ల కమ్యూనిస్టులు ప్రజాస్వామ్య కూటమి పేరుతో, అదే పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. ఆ ఎన్నికల పద్ధతి నేటి తరానికి వింతగా ఉంటుంది. బ్యాలట్ మీద గుర్తు వేసేది లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉంటుంది. ఓటరు తెర వెనక్కు పోయి తన కాగితాన్ని తనకిష్టమైన పెట్టెలో వేసి రావాలి. కరీంనగర్ లోక్‌సభ స్థానం ద్విసభ్య నియోజకవర్గం కాబట్టి ఒక్కొక్కరికి రెండు కాగితాలు. చదువురాని మనిషికి రెండు కాగితాలిచ్చి ఇన్ని పెట్టెల ముందు నిలబెడితే ఏమి చేస్తాడోనని అటు అధికారులకూ బెంగే, ఇటు పార్టీ వారికీ బెంగే.

ఫలితాలు వచ్చాయి. కరీంనగర్ నుంచి పి.డి.ఎఫ్. అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి గారు, రిజర్వు స్థానానికి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ గారు గెలిచారు. ఓడినవారిలో మన జిల్లాకే చెందిన ఒక యువ కాంగ్రెస్ న్యాయవాది ఉన్నారు. ఆయన పేరు పి.వి. నరసింహారావు. తరువాత 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచి, 1971లో ముఖ్యమంత్రి అయి, 1991లో ప్రధాని అయిన మన పి.వి. గారే. ఆదిలాబాద్ లోక్‌సభ స్థానంలో సోషలిస్టు పార్టీ తరఫున సి. మాధవరెడ్డి గారు గెలిచారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ముచ్చట అందరికీ తెలిసిందే. హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలకు కాంగ్రెస్ 93 గెలిస్తే, నిషేధంలో ఉన్న పార్టీ కూటమి 42 గెలిచింది. మామకు ఆ వార్త అంగడిలో తెలిసిందట. నమ్మక, ఇంకొకరిని అడిగి, మళ్ళీ ఇంకొకరిని అడిగి, కొన్న సామాను అక్కడే మరిచి వచ్చాడట.

ఇటువంటిది మన ఒక్క చోటనే జరిగిందనుకోనక్కరలేదు. 1945 జులైలో బ్రిటన్‌లో ఎన్నికలు జరిగాయి. యుద్ధం గెలిపించిన చర్చిల్ ఓడిపోతాడని లేబర్ పార్టీ వారిలో చాలామందే అనుకోలేదు. సైనికుల ఓట్లు దేశదేశాల నుంచి రావాలి గనుక లెక్కింపు మూడు వారాలు ఆగింది. జులై 26న చూస్తే లేబర్‌కు 393 స్థానాలు, అట్లీ ప్రధాని. మన స్వాతంత్ర్యం కాగితాల మీద సంతకం చేసిన ప్రభుత్వం అదే. కానీ ప్రతిసారీ దిగులు అబద్ధం కాదు. మన సంఘ మిత్రుడొకరి మనవడు లండన్‌లో ఉంటాడు. 2019 డిసెంబరులో లేబర్ పార్టీ తరఫున చలిలో, చినుకుల్లో ఇంటింటికీ తిరుగుతూ తాతకు ఫోన్ చేసి, "తాతయ్యా, ఎవరి ముఖంలోనూ కళ లేదు" అన్నాడట. ఆ ఎన్నికల్లో లేబర్‌కు 202 స్థానాలే వచ్చాయి. 1935 తరువాత అంత తక్కువ ఎన్నడూ రాలేదు.

మనకూ అటువంటి అనుభవం 1955లోనే ఆంధ్ర రాష్ట్రంలో కలిగింది. అక్కడ దిగులు లేదు, గెలుస్తామన్న ధీమా ఉంది. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. మన వైపు 1957లో కరీంనగర్ లోక్‌సభ స్థానం కాంగ్రెస్‌కు పోయింది. 1964లో పార్టీ రెండుగా చీలింది. దాని గురించి ఎక్కువ రాయను. మా బంధువుల పెళ్ళిళ్ళలో ఒకే పందిట్లో రెండు చోట్ల కూర్చున్నవారిని చూశాను, అది చాలు.

నేను 1971లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మొదట్లో ఎన్నికల డ్యూటీ అంటే పెళ్ళికి పోయినంత సంబరం. 1978 తరువాత ఆ సంబరం పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరువాత పోలింగు వచ్చిందంటే ఒకవైపు బహిష్కరణ పిలుపు, ఇంకొకవైపు పోలీసు బందోబస్తు. ఈ రెండింటి మధ్య ఎక్కువ నలిగినవాడు ఎవడంటే నేను ఎర్రజెండా ఓటరనే అంటాను. ఓటు వేస్తే అన్నలకు కోపం, వేయకపోతే తన పార్టీకి నష్టం. ఒక ఎన్నికలో మేము ఒక పల్లె బడిలో పెట్టెలు పెట్టుకొని కూర్చుంటే మధ్యాహ్నం దాకా పదకొండు మంది వచ్చారు. ఒక ముసలమ్మ ఓటు వేసి, వేలి మీది సిరాను కొంగుతో తుడుచుకుంటూ, "పోతదా సారూ?" అని అడిగింది. పోదమ్మా అన్నాను. ఆమె భయం నాకు ఇంటికి వచ్చాక గానీ అర్థం కాలేదు.

1983లో రామారావు గారి ప్రభంజనం. కమ్యూనిస్టులకు ఆయనతో పొత్తు కుదరలేదు. రాష్ట్రం మొత్తం మీద సి.పి.ఐ.కి నాలుగు, సి.పి.ఎం.కు ఐదు స్థానాలు మిగిలాయి. ఆ నాలుగింటిలో ఒకటి మన ఆసిఫాబాద్. గుండా మల్లేశ్ గారు గెలిచారు. (రామారావు గారు రాగానే ఉద్యోగ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించిన సంగతి మన సభ్యులకు గుర్తు చేయనక్కరలేదు. గెలుపుకు మిఠాయిలు పంచినవారే నెల తిరగకుండా ధర్నాకు కూర్చున్నారు. తరువాత మళ్ళీ 58 చేశారనుకోండి.) 1985లో పొత్తు కుదిరింది, 1994లో ఇంకా బాగా కుదిరింది. 1994 డిసెంబరులో సి.పి.ఐ.కి 19, సి.పి.ఎం.కు 15. మన రెండు జిల్లాల్లో సిరిసిల్ల నుంచి చెన్నమనేని రాజేశ్వరరావు గారు, ఇందుర్తి నుంచి దేశిని చినమల్లయ్య గారు, ఆసిఫాబాద్ నుంచి మల్లేశ్ గారు గెలిచారు. మామ ఆ రోజు మా ఇంటికి వచ్చి, మా పిల్లలకు తలా పది రూపాయలిచ్చాడు. ఆయన చేతి నుంచి డబ్బు రాలడం నేను చూడటం అదే మొదలు, అదే చివర.

ఐదేళ్ళలో అంతా తిరగబడింది. చంద్రబాబు నాయుడు గారు ఢిల్లీలో వాజపేయి గారికి మద్దతు ఇచ్చారు. కమ్యూనిస్టులు తెలుగుదేశానికి దూరమయ్యారు, కాంగ్రెస్‌తోనూ కలవలేదు. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం జరిగి, దేశమంతా ఆ ఊపులో ఉంది. కరీంనగర్ లోక్‌సభ స్థానం అప్పటికే బి.జె.పి. చేతిలో ఉంది, ఆ ఎం.పి. చెన్నమనేని విద్యాసాగర్ రావు గారు, రాజేశ్వరరావు గారి సొంత తమ్ముడు. అన్న ఎర్రజెండా, తమ్ముడు కాషాయం! సెప్టెంబరులో శాసనసభకూ, లోక్‌సభకూ కలిపి ఎన్నికలు. మా ఆఫీసు ముందు హోటల్లో కూర్చునే పాత సంఘం మనుషులు చాయ్ చల్లారేదాకా మాట్లాడుకునేవారు కాదు. ఎవరైనా పలకరిస్తే, "ఏమున్నది సార్, అయిపాయె" అనేవారు.

పోలింగుకు ముందు ఆదివారం నేను మామను చూడబోయాను. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. పోలింగు స్టేషను పక్క ఊళ్ళో, రెండు మైళ్ళ దూరం. "ఆటో ఏమన్న మాట్లాడుతవా అల్లుడా, ఓటేసొస్త" అన్నాడు. నేను అప్పటికే డ్యూటీ ఆర్డరు, ట్రైనింగులతో విసిగి ఉన్నాను. "ఎందుకు మామా, ఈసారి మనోళ్ళు గెల్వరు. మోకాళ్ళు నొస్తయి, ఇంట్లనే పండు" అన్నాను. ఆయన నా ముఖం చూసి, "గట్లంటవా, సరే తియ్యి" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. అత్తమ్మ చాయ్ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

నేను చెప్పింది లెక్క ప్రకారం తప్పు కాదు. ఆ ఎన్నికల్లో సి.పి.ఐ.కి రాష్ట్రంలో ఒక్క స్థానమూ రాలేదు. 19 నుంచి సున్నా. సి.పి.ఎం.కు రెండు. ఇందుర్తి కాంగ్రెస్‌కు పోయింది. తరువాత మామ కొడుకు చెప్పాడు: పోలింగు రోజు తెల్లవారి స్నానం చేసి, తెల్లంగి తొడుక్కొని, జేబులో ఓటరు చీటీ పెట్టుకొని, సాయంత్రం ఐదు దాకా గద్దె మీద కూర్చున్నాడట. ఎవరన్నా తీసుకుపోతారేమోనని ఎదురుచూశాడో, ఊరికే కూర్చున్నాడో వాడికీ తెలియదు.

మామ 2002లో పోయాడు. 2004లో కమ్యూనిస్టులు కాంగ్రెస్, తెలంగాణ రాష్ట్ర సమితులతో కలిసి పోటీ చేశారు. ఇందుర్తిలో సి.పి.ఐ. తరఫున చాడ వెంకటరెడ్డి గారు గెలిచారు. సిరిసిల్ల నుంచి రాజేశ్వరరావు గారే మళ్ళీ గెలిచారు గానీ, ఈసారి తెలుగుదేశం తరఫున. 2009కి ఇందుర్తి నియోజకవర్గమే రద్దయి, మామ ఊరు హుస్నాబాద్‌లో కలిసింది. ఆ ఏడాది మల్లేశ్ గారు బెల్లంపల్లి నుంచి గెలవడమే మన రెండు జిల్లాల్లో కంకి కొడవలికి చివరి గెలుపు. ఆయన 2020 అక్టోబరులో కాలం చేశారు.

ఒక విచిత్రం చెప్పాలి. 2023 నవంబరు 30 నాటి శాసనసభ ఎన్నికల్లో సి.పి.ఐ.కి పొత్తులో ఒకే ఒక్క స్థానం, కొత్తగూడెం, ఇచ్చారు; అది గెలిచింది. మన వైపు ఆ గుర్తే లేదు. నెల తిరగకముందే డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగితే, సి.పి.ఐ. అనుబంధ సంఘమైన ఎ.ఐ.టి.యు.సి. గెలిచింది. 1998లో సింగరేణిలో మొదటిసారి రహస్య బ్యాలట్ పెట్టినప్పుడు గెలిచింది కూడా ఆ సంఘమే. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసే మనిషి గని దగ్గర ఒక తీరు, ఊళ్ళో ఇంకొక తీరు ఓటు వేస్తున్నాడన్నమాట. గనిలో తన గుర్తు కాగితం మీద ఉంది, ఊళ్ళో లేదు.

ఆ నవంబరులో మామ కొడుకు హుస్నాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "బావా, మషీన్ మీద మన గుర్తే లేదు, ఏం జెయ్యాలె?" అని అడిగాడు. ఈసారి నేను పోవద్దని చెప్పలేదు. ఎవరికి వేయాలో కూడా చెప్పలేదు. మామ పాత ఇనుప పెట్టెలో పహాణీ నకళ్ళు, భూమిశిస్తు రసీదులతో పాటు 1999 నాటి ఓటరు చీటీ మడత పెట్టి ఉందని వాడు ఆ రోజే నాకు చెప్పాడు. పార్టీ వాళ్ళు రాసిచ్చిన చీటీ. పేరు, వరుస నంబరు, కింద గుర్తు. తెచ్చి ఇవ్వమంటావా అని అడిగాడు. అక్కడే ఉండనీయమన్నాను.