కారు మెరుగు: లక్క నుండి డ్యూకో దాకా



మన ఇండ్లలో వస్తువులకు మెరుగు తెచ్చే పద్ధతులు పూర్వం నుండి రెండే. ఒకటి తోముట, రెండవది పూయుట. ఇత్తడి బిందె, రాగి చెంబు, కంచు గిన్నె మొదటి తెగకు చెందినవి. చింతపండు, ఊక బూడిద, కొబ్బరి పీచు ఉంటే చాలును. ఎంత తోమితే అంత తళతళ. పైన పట్టిన చిలుము పోయి లోపలి లోహమే బయటపడి మెరుస్తుంది. లక్కపిడతలు, కొయ్యబొమ్మలు, రంగులు వేసిన ఉయ్యాల తొట్లు రెండవ తెగవి. వీటి మెరుగు కొయ్యది కాదు, పైన పూసిన పొరది. పొర పోతే మెరుగు పోయినట్లే.

మోటారు కారు రెండవ తెగలోనిది. మనవాళ్ళేమో దానిని మొదటి తెగలో చేర్చి బిందెను తోమినట్లు తోముతున్నారు. నేను తెలుగు పండితుడనే గాని మెకానిక్కును కాను. అయినను ఈ రంగుల చరిత్ర కొంత చదివిన మీదట నాకు తోచినది చెబుతాను. తప్పంతా తోమేవారిది కాదు. నడుమ రంగే మారిపోయినది. తాతల కారుకు మేలు చేసిన చిట్కా మనుమల కారుకు చేటు చేస్తున్నది.

ముందుగా లక్క సంగతి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను పట్టుకొని బ్రతికే ఒక చిన్న పురుగు విడిచే జిగురు ఇది. సంస్కృతంలో లాక్షా, మన నోట లక్క. పాండవులను దహించుటకై కట్టించిన ఇంటికి లాక్షాగృహమని పేరు వచ్చినది ఈ పదార్థం వల్లనే. కొయ్యకు నిగారింపు తెచ్చే పూతకే నిప్పంటుకొనే గుణం కూడ ఉన్నదని ఆ కథ అల్లినవారికి బాగా తెలుసును. ఆ లక్క మాటే ఐరోపా చేరి ఆంగ్లంలో 'లాకర్' అయినది. బీరువాలోని లాకరు కాదు సుమా, పూసే లాకరు. కారు రంగుల కథలో ఆ పేరు మరల వస్తుంది, నిప్పు గుణంతో సహా.

మా నస్రుల్లాబాదు నుండి నిజామాబాదు, ఆర్మూరు మీదుగా పోయి సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. అక్కడి నకాషీ పనివారు బొమ్మ చేసే తీరు చూడవలసినది. తేలికైన పొనికి కర్రను చెక్కి, అవయవాలను అతికించి, రంపపు పొట్టు కలిపిన చింతగింజల ముద్దతో అతుకులు, పగుళ్ళు పూడుస్తారు. అది ఆరిన పిమ్మట నున్నగా రుద్ది, తెల్లసుద్ద పూసి, మళ్ళీ రుద్ది, అప్పటికి గాని రంగు జోలికి పోరు. బాన్సువాడలోనో నిజామాబాదులోనో డెంటింగు, పెయింటింగు షెడ్డు ముందర ఒక పూట నిలబడి చూడండి. సొట్ట తీసిన రేకు మీద పుట్టీ పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, మళ్ళీ రుద్ది, ఆపైన రంగు. చింతగింజల ముద్ద స్థానంలో పుట్టీ, సుద్ద స్థానంలో ప్రైమరు వచ్చినవి, అంతే భేదం. అడుగు నున్నగా లేనిదే పై పొర మెరవదని ఇద్దరికీ తెలుసును.

ఇక కార్లు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారొకటి ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేయించుకొన్నది. 1911లో ఆయన గతించగా, 1912 నాటి ఆ కారు ఏడవ నిజాం కాలంలో వాడుకలోకి వచ్చినది. వెనుక సీటు సింహాసనంలా ఉంటుంది. దాని పైకట్టు కట్టిన బార్కర్ వారు లండనులో గుర్రపు బగ్గీలు కట్టిన పాతకాపులు. ఆ తరం కార్లన్నీ అంతే, గుర్రాలు లేని బగ్గీలు. రంగూ బగ్గీ రంగే. అవిసె నూనెలో కలిపిన రంగును కుంచెతో పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ పూసి, చివర వార్నీషు వేసేవారు. ఒక్కొక్క బండికి వారాలు పట్టేది. ఆ వార్నీషు సుకుమారి. గుర్రపుశాల నుండి వచ్చే అమ్మోనియా గాలికి కూడ మసకబారేది గనుక బగ్గీని శాలకు దూరంగా నిలుపుమనేవారు. నీళ్ళు ధారగా పోసి, మెత్తని తోలుతో అద్దుటే గాని రుద్దుట లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. నూరేండ్ల తరువాత మనం మరల అక్కడికే వచ్చాము.

ఫోర్డు మోడల్ టి కార్లు 1914 నుండి 1925 దాకా నల్లగానే వచ్చాయని చాలమంది విని ఉంటారు. నలుపు చవక, గట్టిది, ఒకటే రంగైతే పని సులువు. వరుసకట్టి గంటల్లో కారు తయారవుతుంటే రంగు ఆరుటకు వారాలు ఆగడమెట్లా?

ఆ ముడి విప్పినది తుపాకి మందు. 1802లో ఆ మందు తయారీతోనే పుట్టిన అమెరికా సంస్థ డ్యూపాంట్. పత్తిని నత్రికామ్లంతో కలిపి చేసే నైట్రోసెల్యులోజ్ పేలుడు పదార్థాల కుటుంబంలోనిది. దానిని ద్రావకాలలో కరిగించి రంగు కలిపితే, పిచికారీ చేసిన కొద్దిసేపటికే ద్రావకం ఆవిరై గట్టి పొర మిగులుతుంది. వారాల పని గంటల్లోకి దిగినది. దానికి డ్యూకో అని పేరు పెట్టారు. 1923లో జనరల్ మోటార్స్ వారు 1924 సంవత్సరపు ఓక్లండ్ కార్లకు ఈ రంగు వేసి నీలికార్లను బజారులోకి దింపారు. నలుపు రాజ్యం అక్కడితో సడలినది. ఈ రంగు లాకరు జాతిది. లక్కకు మల్లే నిప్పంటే ఇట్టే అంటుకొనేది.

మన కథకు కావలసిన కీలకం ఇక్కడున్నది. డ్యూకో ఆరగానే మెరవదు, మసకగా ఉంటుంది. గరుకు పదార్థం కలిపిన ముద్దతో, అనగా రబ్బింగ్ కాంపౌండుతో, రుద్దితేనే అద్దంలా అవుతుంది. ఎండకు మళ్ళీ వెలిసి పైన సుద్ద పడుతుంది. మళ్ళీ రుద్దితే కొత్త రంగు బయటపడుతుంది. తరువాత వచ్చిన ఎనామిల్ రంగులదీ వెలిసిన మీదట ఇదే దారి. పై నుండి కింద దాకా ఒకటే రంగు గనుక, పొర దళసరిగా ఉన్నంత కాలం రుద్దుటలో భయం లేదు. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడరు కార్లను ఆ రోజుల్లో డ్రైవర్లు పాలిష్ పెట్టి రుద్దుతుంటే గుడ్డకు కారు రంగే అంటేది. అది చూచి వారు మురిసేవారు. రుద్దితే కారు మెరుస్తుందన్న నమ్మకం అట్లా పుట్టినది. ఆ కాలానికి అది సత్యమే. భర్తృహరి నీతిశతకంలో సానపట్టిన మణికి చిక్కిపోవుటే శోభ అని ఒక శ్లోకం తాత్పర్యం. మణి చాల దళసరి గనుక ఆయన అట్లా అనగలిగాడు.

మరొక విచిత్రం. కార్ల కోసం పుట్టిన డ్యూకో మన నిర్మల్ చేరినది. మూలికల పసరులతో, ఖనిజాలతో రంగులు చేసుకొన్న నకాషీల వారసులు తరువాతి కాలంలో నున్నని పలకపై డ్యూకో పూసి, ఆ నల్లని మెరుగు మీద బంగారు వన్నె బొమ్మలు తీర్చుట సాధారణమైనది. లక్క పేరు పడమటికి పోయి, తుపాకి మందు రూపంలో తిరిగి వచ్చి కొయ్యపలక మీద కూర్చున్నదన్నమాట. అట్టి పటం ఇంట్లో ఉన్నవారు దానిని తడిగుడ్డతో రుద్దరు, పొడి మెత్తని గుడ్డతో దుమ్ము దులుపుతారు. వాకిట్లోని కారుకు మాత్రం ఆ మర్యాద లేదు.

1980ల నాటికి పెద్ద కంపెనీలన్నీ కొత్త పద్ధతికి మళ్ళసాగాయి. రంగును పలుచగా వేసి, దానిపై క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శకపు పొర వేస్తారు. మెరిసేది ఆ పొరే, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డేదీ అదే. రేకు మీది పొరలన్నీ కలిపితే సుమారు 100 నుండి 150 మైక్రాన్ల మందం. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒకసారి గట్టిగా కాంపౌండు పెడితే కొన్ని మైక్రాన్లు పోవచ్చును. గుడ్డకు రంగంటదు గనుక పోయినదని తెలియదు కూడ. అట్లా అరిగి అరిగి ఒకనాడు బానెట్టు మీద, టాపు మీద పాము కుబుసంలా తెల్లగా లేస్తుంది. అప్పుడింక పాలిష్ లేదు, వాక్సు లేదు. ఆ భాగానికి మళ్ళీ రంగు వేయించవలసినదే.

గల్ఫులో పన్నెండేండ్లు కష్టపడి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఇక్కడ ఒక ఎర్రని పాతకారు కొన్నాడు. ఆ ఇంట అదే తొలి కారు. వాని తల్లి ప్రతి ఉదయం వాకిలి చల్లి, ముగ్గు పెట్టి, ఆ చేత్తోనే సబ్బుపొడి, పీచు తీసుకొని కారు తోమేది. ఆమె దృష్టిలో అది సేవ. ఏడాది తిరిగేసరికి ఎండలో చూస్తే బండి నిండా సాలెగూడు గీతలు. "సారూ, అమ్మకు ఎట్ల చెప్పాలె?" అని వాడు నన్నడిగాడు. కొడుకు చెమటోడ్చి తెచ్చినదాన్ని తానే పాడుచేశానని ఆమె అనుకోకూడదని వాని బాధ. నేను పోయి నిర్మల్ పటం కథ చెప్పాను. "అయితే ఇది పటమా, గిన్నె కాదా?" అన్నదామె. అంతకన్న స్పష్టంగా నేనూ చెప్పలేను.

మా ప్రాంతపు దుమ్ము సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మంజీరపై నిజాంసాగరు కట్టుట 1931లో పూర్తయినప్పటి నుండి కాలువ కింద వరి మా బ్రతుకు. కోతల రోజుల్లో హార్వెస్టర్లు లేపే ధూళి, కల్లాల పొట్టు ప్రతి బండి మీద పడుతుంది. వరిఊకలో సిలికా అధికం. ఊక బూడిదలో పదింట తొమ్మిది వంతుల దాకా అదే. గిన్నెలు అంత బాగా తోమబడేది అందుకే! అదే ధూళి పడ్డ కారును పొడిగుడ్డతో తుడిచామంటే కారుకు బూడిద పెట్టి తోమినట్లే. కనుక కొత్తగా కారు కొన్నవారు మొదట మానవలసినది పొడిగుడ్డ విదిలింపు. ఉదయమే ఆఫీసుకు పోతూ రెండు విసుర్లు విసిరే అలవాటు చాలమందికి ఉన్నది.

కడుగుట నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చేయాలి. ముందు ధారగా నీళ్ళు పోసి ధూళిని తానుగా జారనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి కారు షాంపూ నీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించుటకు. ఒకటే బకెట్టయితే తీసిన ఇసుకనే మళ్ళీ పూస్తాము. పై నుండి కిందికి రావాలి. చక్రాలకు, కింది అంచులకు వేరే గుడ్డ. బట్టల సబ్బుపొడి కారుకు తగదు, వాక్సు పూత ఉంటే దానినీ కడిగివేస్తుంది. గుడ్డ మైక్రోఫైబరుదైతే మేలు. నేల మీద పడితే ఆ గుడ్డను ఆ పూటకు పక్కన పెట్టండి.

ఆరబెట్టుట దగ్గర మా బోరు నీళ్ళతో చిక్కు. ఎండలో ఆరిన బొట్టు చుట్టూ సున్నపు వలయం మిగులుతుంది. వదిలేస్తే కరచుకొని కూర్చుంటుంది. వెంటనే మెత్తని గుడ్డతో అద్దాలి. అప్పటికే పడిన మరక లేతదైతే నీళ్ళు బాగా కలిపిన వెనిగరు తడిపి, వెంటనే కడిగివేస్తే పోతుంది. పక్షి రెట్ట ఇంకా చెడ్డది. ఎండ తోడైతే ఒక్క పూటలోనే పొరను తినవచ్చును. గోకవద్దు, తడిగుడ్డ కప్పి నానబెట్టి ఎత్తివేయండి.

పాలిష్, వాక్సు ఒకటి కావు. పాలిష్ తీసేది, వాక్సు పూసేది. తోముటకు, పూయుటకు ఉన్న భేదమే. కార్నౌబా అనే మంచి వాక్సు బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి వస్తుంది. ఎనభై డిగ్రీలు దాటితే గాని కరగదు. దానిని రెండు మూడు నెలలకొకసారి పలుచగా పూసుకోవచ్చును. పాలిష్ మాత్రం గీతలు నిజంగా బాధిస్తేనే, అదీ మందం కొలిచే పరికరం ఉన్నవారి చేత. పళ్ళపొడి, టూత్‌పేస్టు చిట్కాలు చెప్పేవారున్నారు. అవీ గరుకు పదార్థాలే. ఇప్పుడు అమ్ముతున్న సిరామిక్ పూతలు నీటిని, మురికిని నిలవనీయవు గాని, రాయి తగిలితే ఆపవు. గీతలున్న బండికి వేస్తే ఆ గీతలు కిందనే ఉండిపోతాయి.

షెడ్డులో కొత్తగా రంగు వేయించినవారు ఒకటి రెండు నెలల దాకా వాక్సు జోలికి పోవద్దు. లోపలి ద్రావకం ఇంకా ఆవిరవుతూ ఉంటుంది, దానికి దారి కావాలి. ఆ రోజుల్లో చల్లని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలును. బండిని చింతచెట్టు కింద మాత్రం నిలపకండి, నీడ బాగున్నా పిట్టలెక్కువ.