కారు కోసం మొదలైన తగవు

బేస్‌బాల్‌లో మొనగాడెవరన్న తగవు ఆటంత పాతదే. దానికి బహుమతి తగిలించింది మాత్రం ఒక కార్ల వ్యాపారి. 1910లో బ్యాటింగ్ సగటులో అందరికన్నా ముందున్నవాడికి తన కంపెనీ కారు ఇస్తానని హ్యూ చామర్స్ ప్రకటించాడు. (ఇక్కడ సగటు అంటే క్రికెట్‌లోలా పరుగుల లెక్క కాదు. బ్యాట్ పట్టిన అవకాశాల్లో ఎన్నో వంతు హిట్‌గా మారాయన్నది. 0.300 దాటితే గట్టి బ్యాటరే.)

పోటీ డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్‌కూ, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజ్వేకూ మధ్య తేలింది. కాబ్ అంటే సొంత జట్టులోనే చాలామందికి గిట్టదు. పైగా ఆధిక్యంలో ఉన్నవాడు చివరి రెండు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చున్నాడు. అక్టోబర్ 9న సెయింట్ లూయిస్‌లో లాజ్వే జట్టుకు ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. ప్రత్యర్థి మేనేజర్ జాక్ ఓకానర్, మూడో బేస్ కాయాల్సిన కొత్త కుర్రాడు రెడ్ కారిడెన్‌ను బాగా వెనక్కి పంపేశాడు. లాజ్వే బంతిని ఆ ఖాళీలోకి మెల్లగా తోసి మొదటి బేస్‌కు పరుగెత్తడం, ఖాతాలో హిట్ పడడం. సాయంత్రానికి ఎనిమిది హిట్లు, వాటిలో చాలావరకు ఈ బాపతువే. స్కోరు రాసే మనిషికి కొత్త సూటు కుట్టిస్తామంటూ చీటీ కూడా వెళ్లింది.

లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ విచారణ జరిపి, వెయ్యో వంతుకు లోపు తేడాతో కాబ్‌దే పైచేయి అన్నాడు. ఓకానర్ ఉద్యోగం ఊడింది. చామర్స్ తెలివిగా ఇద్దరికీ చెరో కారు ఇచ్చాడు. కథ అక్కడితో అయిపోలేదు. కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను పొరపాటున రెండుసార్లు కలిపారని 1981లో స్పోర్టింగ్ న్యూస్ పత్రిక బయటపెట్టింది. అది తీసేస్తే లాజ్వేనే ముందున్నాడు. అయినా పాత తీర్పు మార్చడానికి కమిషనర్ బోవీ కూన్ ఒప్పుకోలేదు. ఈ వందేళ్ల వాదాలన్నీ చూస్తే నాకనిపించేది ఒకటే: ఎవరు బాగా ఆడారన్నదాని కన్నా లెక్క ఎవరి చేతిలో ఉందన్నదే అసలు పేచీ.

1911 నుంచి నాలుగేళ్లు ఆ లెక్క పత్రికా రచయితల కమిటీ చేతికి వెళ్లింది. 1922లో అమెరికన్ లీగ్ మళ్లీ బహుమతి పెట్టింది కానీ ఒకసారి గెలిచినవాడికి రెండోసారి ఇవ్వకూడదన్న వింత నిబంధనతో. 1923లో గెలిచిన పాపానికి బేబ్ రూత్ 1927లో 60 హోమ్‌రన్లు కొట్టినా పోటీలోనే లేడు. 1931లో బేస్‌బాల్ రచయితల సంఘం ఓటింగ్ చేపట్టింది. నేటి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్, ఎంవీపీ, అదే. విలువ అంటే ఏమిటో ఓటరే తేల్చుకోవాలన్నారు. తేలకుండా వదిలేసిన ఆ సంగతే అభిమానులకు ఇన్నేళ్ల మేత.

బోస్టన్ అభిమానుల కడుపుమంటకు కారణం టెడ్ విలియమ్స్. 1942లో అతను సగటు, హోమ్‌రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు, అంటే ట్రిపుల్ క్రౌన్. ఎంవీపీ మాత్రం న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో గోర్డన్‌కు దక్కింది. అదే ఏడు స్ట్రైకవుట్లలో, అంటే మూడు స్ట్రైకులతో అవుటవడంలో, లీగ్‌లో మొదటి స్థానం గోర్డన్‌ది, రెండో బేస్ దగ్గర తప్పుల్లోనూ మొదటి స్థానం అతనిదే! 1947లో విలియమ్స్ మళ్లీ ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. ఈసారి జో డిమాజియో 202 పాయింట్లు, విలియమ్స్ 201. ఒక ఓటరు తన పదిమంది జాబితాలో విలియమ్స్ పేరే రాయలేదు. గెలిచే జట్టులో ఉండడం కూడా ప్రతిభ కిందే లెక్క, అందులోనూ రచయితలతో సఖ్యత ఉంటే మరీ మంచిది.

రచయితల ఈ గుత్తాధిపత్యానికి గండి కొట్టినవాడు కాన్సస్‌లో బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాసిన బిల్ జేమ్స్. 1977లో సొంత ఖర్చుతో గణాంకాల పుస్తకం అచ్చేస్తే కొన్నవాళ్లు వందమంది కూడా లేరు. ప్రతి బంతి వివరాలూ బయటివాళ్లకు దొరకకపోయేసరికి, 1984లో అతని ప్రోద్బలంతో స్వచ్ఛంద అభిమానులు తామే మ్యాచ్‌లు చూస్తూ స్కోరు షీట్లు నింపడం మొదలుపెట్టారు. సూటు ఆశ చూపితే లొంగే ఒక్క గుమాస్తా బదులు ఊరూరా పంతం పట్టిన లేఖరులు తయారయ్యారు.

వాళ్ల వారసులు తెచ్చిందే వార్ అనే కొలమానం. సులువుగా దొరికే మామూలు ప్రత్యామ్నాయ ఆటగాడి బదులు ఇతను ఆడడం వల్ల జట్టుకు ఎన్ని విజయాలు ఎక్కువ వచ్చాయన్నది దాని ప్రశ్న. సుమారు పది పరుగులు ఒక విజయం. బ్యాటింగే కాదు, ఫీల్డింగూ బేస్‌ల మధ్య పరుగూ లెక్కలోకొస్తాయి.

2012లో రెండు శిబిరాలూ ముఖాముఖి తలపడ్డాయి. డెట్రాయిట్ బ్యాటర్ మిగెల్ కబ్రేరా 1967 తర్వాత తొలి ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. ఏంజెల్స్ జట్టులో తొలి పూర్తి సీజన్ ఆడుతున్న మైక్ ట్రౌట్ 30 హోమ్‌రన్లు, 49 దొంగిలించిన బేస్‌లు, పైన అద్భుతమైన ఫీల్డింగ్. వార్‌లో ట్రౌట్ చాలా ముందు. కబ్రేరా జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడన్నారు అవతలివాళ్లు. తమాషా ఏమిటంటే డెట్రాయిట్ గెలిచింది 88 మ్యాచ్‌లు, ప్లేఆఫ్స్‌కు చేరని ఏంజెల్స్ గెలిచింది 89. డివిజన్ బలహీనమైతే అదీ ఆటగాడి ఘనతేనా? 28 మొదటి స్థానపు ఓట్లలో 22 కబ్రేరాకే. ఆ రోజు లెక్కలవాళ్లు ఓడారు.

పిచర్ల సై యంగ్ అవార్డులో మాత్రం అప్పటికే వాళ్ల మాట చెల్లుతోంది. 13 గెలిచి 12 ఓడిన ఫెలిక్స్ హెర్నాండెజ్ 2010లో 21 విజయాల సబాతియాను దాటేశాడు. 2018లో పది విజయాలతోనే జేకబ్ డిగ్రామ్ 30 మొదటి ఓట్లలో 29 పట్టుకుపోయాడు. ముప్పై ఏళ్ల కిందట ఇది ఊహకందని సంగతి.

అంతా వార్ దారికి వచ్చాక తగవు తీరిందా? 2025లో యాంకీస్ ఆరన్ జడ్జ్‌కు 17 మొదటి ఓట్లు, 60 హోమ్‌రన్లు కొట్టిన సియాటిల్ క్యాచర్ కాల్ రాలీకి 13. వార్‌ను లెక్కగట్టే ప్రధాన సంస్థలు రెండు. క్యాచర్ అంచున పడ్డ బంతిని ఒడుపుగా పట్టి అంపైర్ చేత స్ట్రైక్ అనిపించే నేర్పును ఒకటి కలుపుతుంది, రెండోది కలపదు. మొదటి లెక్కలో రాలీ జడ్జ్‌కు దగ్గరగా వస్తాడు, రెండో దానిలో బాగా వెనకబడతాడు. సియాటిల్ అభిమాని ఏ లెక్క తెరుస్తాడో, న్యూయార్క్ అభిమాని ఏది తెరుస్తాడో అడగనక్కర్లేదు.