పాల్కీవాలా వకాలత్

మన ఇళ్లల్లో పిల్లల తాలీమ్ అనగానే డాక్టరీ, ఇంజనీరింగే గుర్తొస్తాయి. ఇన్‌కమ్‌టాక్స్ వకాలత్ అంటే సేట్ల లెక్కల వ్యవహారం అనుకుంటాం. నానీ పాల్కీవాలా జిందగీ చూస్తే ఆ ఖయాల్ మారిపోతుంది.

1920లో బొంబాయిలో ఒక పార్సీ ఖాందాన్‌లో పుట్టారు. పూర్వీకులు పాల్కీలు చేసేవాళ్లు, ఇంటిపేరు అలా వచ్చిందే. చిన్నప్పుడు ఆయనకు నత్తి. ఇంగ్లిష్ ఎం.ఏ. చేసి లెక్చరర్ నౌకరీకి దరఖాస్తు పెడితే దొరకలేదు. అప్పుడు గవర్నమెంట్ లా కాలేజీలో చేరారు. తర్వాత జంషెడ్‌జీ కాంగా చాంబర్‌లో షాగిర్ద్ అయ్యారు. 1950లో ఉస్తాద్‌తో కలిసి ఇన్‌కమ్‌టాక్స్ చట్టం మీద పెద్ద కితాబ్ తెచ్చారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై.

పన్ను కేసులో అసలు సవాల్ ఒకటే: సర్కారు చెయ్యి ఎక్కడ ఆగాలి? 1973లో కేశవానంద భారతి కేసులో పార్లమెంటు గురించి ఆయన అడిగిందీ అదే. 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ తరఫున తొమ్మిదిమంది జడ్జీల ముందు నిలబడ్డారు. అక్లియత్‌లకు 30వ అధికరణం ఇచ్చిన హక్కు ఆ ఫైసలాతో గట్టిపడింది. మనవాళ్లు నడిపే కాలేజీలకూ అదే ఆసరా.

దారి ఇవాళా దాదాపు అంతే. డిగ్రీ తర్వాత మూడేళ్లు, లేదా ఇంటర్ తర్వాత ఐదేళ్లు లా చదవాలి. బార్ కౌన్సిల్ సనద్ తీసుకోవాలి. ఆపైన మంచి ఉస్తాద్ దగ్గర సబర్‌తో పని నేర్చుకోవాలి. లెక్కలంటే ఇష్టమున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ దారి కూడా చూపించండి.