మార్కుల పట్టికలో 100 చివరికి ఎందుకు వెళుతుంది? సార్టింగ్‌లో గమనించాల్సిన అంశాలు

పట్టికలోని అడ్డు వరుసలను ఒక నిలువు వరుసలోని విలువల ప్రకారం అమర్చడాన్ని క్రమబద్ధీకరణ లేదా సార్టింగ్ అంటారు. మెరిట్ జాబితాల తయారీకి ఇదే ఆధారం. పైథాన్ భాషలో ఇందుకు విస్తృతంగా వాడే పాండాస్ లైబ్రరీ రూపకల్పనను వెస్ మెకిన్నీ 2008లో ప్రారంభించారు. అందులో 'సార్ట్ వాల్యూస్' అనే ఆదేశానికి నిలువు వరుస పేరు ఇస్తే చాలు, అడ్డు వరుసలు మొత్తంగా కదులుతాయి. ఒకరి మార్కులు మరొకరి పేరు పక్కన చేరవు. ఏమీ చెప్పకపోతే క్రమం చిన్న విలువ నుంచి పెద్ద విలువకు సాగుతుంది.

అంకెలా, అక్షరాలా?

మార్కుల వరుసలో ఒక్కచోట 'గైర్హాజరు' అని ఉన్నా, ఫైలును చదివేటప్పుడు ఆ వరుస మొత్తం అక్షరాలుగా నమోదు కావచ్చు. అప్పుడు పోలిక మొదటి అంకెతో మొదలవుతుంది. ఫలితంగా 9, 95, 100 మార్కులను అవరోహణ క్రమంలో అమర్చితే 95, 9, 100 అని వస్తాయి. నూటికి నూరు సాధించిన విద్యార్థి చివరి స్థానానికి చేరతారు. తప్పు జరిగినట్లు హెచ్చరిక కూడా రాదు. అందుకే ముందుగా 'టు న్యూమరిక్' ఆదేశంతో విలువలను సంఖ్యలుగా మార్చాలి. సంఖ్యగా మారని వాటిని ఖాళీలుగా పరిగణించమని అందులోనే సూచించవచ్చు. క్రమం ఏదైనా, ఖాళీలు సాధారణంగా చివరనే ఉంటాయి.

మార్కులు సమానమైతే

ఇద్దరికి సమాన మార్కులు వస్తే వారి పాత వరుస యథాతథంగా ఉంటుందన్న హామీ డిఫాల్ట్ పద్ధతిలో లేదు. పుట్టిన తేదీ వంటి రెండో ప్రమాణాన్ని స్పష్టంగా ఇవ్వాలి. మార్కులకు అవరోహణ, తేదీకి ఆరోహణ అని వేర్వేరుగా నిర్దేశించవచ్చు. పాత వరుసనే నిలపాలంటే 'స్టేబుల్' పద్ధతిని ఎంచుకోవాలి.

తెలుగు పేర్ల విషయంలో

అక్షరాల పోలిక యూనికోడ్ సంఖ్యల ప్రకారం జరుగుతుంది. యూనికోడ్‌లో 'ళ' అక్షరం 'ల' వెంటనే ఉంటుంది. బడిలో నేర్చే వర్ణమాలలో మాత్రం అది 'హ' తర్వాత వస్తుంది. కాబట్టి 'కవి' కంటే ముందు 'కళ' వస్తుంది. వర్ణమాల క్రమమే కావాలంటే అందుకు ప్రత్యేక సూత్రాన్ని రాసుకోవాలి.

ఈ ఆదేశం అసలు పట్టికను మార్చదు. కొత్త పట్టికను ఇస్తుంది. దాన్ని భద్రపరచకపోతే పాత క్రమమే కొనసాగుతుంది. జాబితాను విడుదల చేసే ముందు నిలువు వరుస రకాన్ని, మొదటి, చివరి వరుసలను సరిచూడటం తప్పనిసరి.